సంఘం అంతర్జాల చిరునామా: పేరు ఎవరి పేరిట ఉండాలి?

అంతర్జాలంలో ప్రతి కంప్యూటర్‌కు అంకెలతో కూడిన చిరునామా ఉంటుంది. ఆ అంకెలను జ్ఞాపకం ఉంచుకోవడం మనుషులకు కష్టం. పేరు చెప్పగానే తగిన అంకెలను వెదకి ఇచ్చే వ్యవస్థను 1983లో పాల్ మొకాపెట్రిస్ రూపొందించారు. ఆ పేరునే డొమైన్ పేరు అంటారు. సభ్యత్వం, విరాళాలు, ఉత్సవాల టిక్కెట్లు అన్నీ ఈ పేరు మీదనే నడుస్తున్న నేటి రోజుల్లో, దానిని ఎక్కడ నమోదు చేయాలన్నది ప్రవాస తెలుగు సంఘాలు ఆలోచించి తేల్చుకోవలసిన విషయం.

ముందుగా గ్రహించవలసినది, డొమైన్ పేరు సొంత ఆస్తి కాదు, గడువుకు లోబడిన కౌలు వంటిది. డాట్ కామ్ పేరును ఒక్కసారిగా 10 సంవత్సరాలకు మించి నమోదు చేసుకోవడానికి వీలులేదు. ఈ ఏర్పాటులో మూడు అంచెలున్నాయి. 1998లో ఏర్పడిన ఐకాన్ సంస్థ సాధారణ నియమాలను పర్యవేక్షిస్తుంది. ఒక్కొక్క తోకకు చెందిన పట్టికను ఒక రిజిస్ట్రీ నిర్వహిస్తుంది. డాట్ కామ్ పట్టిక వెరిసైన్ సంస్థ చేతిలో ఉంది. ప్రజలకు పేర్లు నమోదు చేసి ఇచ్చేవారు రిజిస్ట్రార్లు. వీరిలో కొందరు మొదటి సంవత్సరం రుసుము తగ్గించి, తరువాతి సంవత్సరాలలో ఎక్కువ వసూలు చేస్తారు. కనుక పోల్చి చూడవలసినది పునరుద్ధరణ రుసుమునే.

తోక ఎంపిక కూడా ముఖ్యమే. రెండక్షరాల తోకలు సాధారణంగా దేశాలకు, ప్రాంతాలకు చెందినవి. వాటికి అక్కడి నియమాలే వర్తిస్తాయి. బ్రిటన్ యూరోపియన్ యూనియన్ నుండి వైదొలగడంతో, యూనియన్ పౌరసత్వం లేని బ్రిటన్ వాసులు, బ్రిటన్ సంస్థలు డాట్ ఈయూ పేర్లకు అర్హత కోల్పోయారు. 2021 జనవరి 1 నుండి ఆ పేర్లు పనిచేయలేదు. రుసుము చెల్లించినంత మాత్రాన పేరు నిలువదని ఈ ఉదంతం చాటుతున్నది. తెలుగు లిపిలో డాట్ భారత్ తోక కూడా లభిస్తున్నది. అయితే తెలుగు కీబోర్డు లేని చోట దానిని టైపు చేయడం కష్టం కనుక, అది రెండవ పేరుగా ఉండడం మేలు.

అన్నిటికంటె ప్రధానమైనది నమోదుదారు ఎవరన్నది. ఉత్సాహవంతుడైన కార్యకర్త తన సొంత పేరిట, తన కార్డుతో నమోదు చేస్తే, రిజిస్ట్రార్ దృష్టిలో హక్కుదారు ఆయనే. ఆయన ఊరు మారినా, కార్డు గడువు తీరినా పునరుద్ధరణ ఆగిపోవచ్చు. రిజిస్ట్రార్ తొలగించిన డాట్ కామ్ పేరును 30 రోజులలోపు అదనపు రుసుముతో తిరిగి పొందవచ్చు. ఆపై మరి 5 రోజులకు అది ఎవరికైనా దక్కుతుంది. దక్కించుకున్నవారు అదే పేరుతో విరాళాలు అడిగితే, నమ్మి సొమ్ము పంపేవారు సంఘ సభ్యులే.

అందువల్ల పేరును సంఘం పేరిటనే నమోదు చేయాలి. రిజిస్ట్రార్ హెచ్చరికలు అందుకొనే ఈమెయిల్ వేరొక పేరు మీద ఉండాలి. అదే డొమైన్ మీద ఉంటే, పేరు ఆగిననాడు హెచ్చరిక కూడా చేరదు. ఇద్దరు బాధ్యులకు ప్రవేశం ఉండాలి. కార్యవర్గం మారినపుడు బ్యాంకు ఖాతాతో పాటు ఈ ఖాతాను కూడా లిఖితపూర్వకంగా అప్పగించడం ఆనవాయితీ కావాలి.