గుడ్డు ఆలస్యమైతే టానిక్కు కాదు, వెలుతురు చూడండి

ధనుర్మాసం వచ్చినప్పటి నుంచి హిందూపురం, పెనుకొండ, ధర్మవరం పల్లెల్లో ఒకటే మాట. ఏరువాకప్పుడు తెచ్చిన పిల్లలు పెట్టలయ్యాయి, బాగా మేస్తున్నాయి, గుడ్డుకు మాత్రం రాలేదని. షాపులో చెప్పారని టానిక్కు పోశాం, అయినా లాభం లేదని కూడా అంటున్నారు. అది వింటే బాధ, కోపం రెండూ కలుగుతాయి. పది కోళ్లున్న ఇల్లు ఆ సీసా డబ్బు రాబట్టాలంటే ఎన్ని గుడ్లు అమ్మాలో కొనే ముందే లెక్క వేసుకోండి.

గ్రామప్రియ దాదాపు అయిదున్నర నెలలకు, వనరాజా ఆరు నెలలకు గుడ్డుకొస్తాయి. రెండూ హైదరాబాదు రాజేంద్రనగర్‌లోని కోళ్ల పరిశోధన కేంద్రం నుంచి వచ్చినవే. అసీల్‌కు, నాటుకోడికి ఏడు నెలలు దాటినా అది రోగం కాదు. బండి మీద పిల్లలు అమ్మేవారు అన్నింటినీ గ్రామప్రియ అనే చెబుతారు, కాబట్టి జాతి ఏదో తేల్చుకున్నాకే దిగులు పడండి.

అసలు కారణం చాలా ఇళ్లలో పగలు తగ్గడమే. జూన్‌లో పుట్టిన పిల్ల పెరిగినంత కాలం పగలు తగ్గుతూ వచ్చింది. ఇప్పుడు మన దగ్గర పొద్దు ఉండేది పదకొండుంపావు గంటలు. పెట్టలో గుడ్డు కదలాలంటే వెలుతురు పుర్రె గుండా మెదడుకు అందాలి, అందుకు పద్నాలుగు గంటలు ఉంటే మేలు. గూట్లో చిన్న ఎల్‌ఈడీ బల్బు తెల్లవారుజాము నాలుగు నుంచి పొద్దు పొడిచేదాకా వేస్తే సరిపోతుంది. ఒకరోజు వేసి రెండు రోజులు మానేయవద్దు, పెట్టే కోడి కూడా ఆపేస్తుంది. బల్బు వద్దనుకుంటే ఊరుకోండి. సంక్రాంతి దాటాక పగలు పెరుగుతుంది, వయసొచ్చిన పెట్టలు వాటంతట అవే మొదలుపెడతాయి.

తర్వాతది మేత. రేషన్ బియ్యం, మిగిలిన సంకటి తిన్న వనరాజాకు కడుపులో కొవ్వు పేరుకుంటుంది, గుడ్డుకు కావాల్సిన మాంసకృత్తులు అందవు. మూడు పాళ్లు మొక్కజొన్న నూక లేదా సజ్జలకు ఒక పాలు చెనక్కాయ చెక్క కలిపి, సాయంత్రం పెట్టకో గుప్పెడు వేయండి, పగలు బయట తిరిగి మేయనివ్వండి. చెక్క వాసన చూసి కొనండి. కోత వేళ వానకు తడిసి బూజు పట్టిన కాయల చెక్కలో అఫ్లాటాక్సిన్ ఉంటుంది, అది కాలేయాన్ని దెబ్బతీస్తుంది. హిందూపురం రీలింగ్ యూనిట్లలో మిగిలే పట్టుపురుగుల ప్యూపా మంచి బలం, అయితే ఎండబెట్టి కొద్దిగానే కలపాలి. ఎక్కువైతే గుడ్డు వాసన కొడుతుంది. మూడు నెలల పిల్లకే లేయర్ దాణా అంటగట్టేవారి మాట వినకండి. అందులోని సున్నం ఆ వయసులో మూత్రపిండాలకు చేటు. మొదటి గుడ్డు పడ్డాక ఆల్చిప్పల పొడి విడిగా ఓ చిప్పలో పెడితే చాలు.

డబ్బు తీసే ముందు పెట్టను చేతిలోకి తీసుకోండి. ముడ్డికి ఇరుపక్కల ఉన్న రెండు సన్నటి ఎముకల మధ్య వేళ్లు పెట్టి చూడండి. రెండు వేళ్లు పట్టి, ముడ్డి తడిగా, వెడల్పుగా ఉంటే అది ఇప్పటికే పెడుతోంది, గుడ్లు మీకు దొరకట్లేదంతే. గడ్డివామి వెనక, కట్టెల మోపుల కింద వెతకండి. ఒక వేలే పడితే, నెత్తి మీద జుట్టు ఇంకా పాలిపోయి ఉంటే టైముంది.

రెక్క కింద కూడా వేళ్లతో విప్పి చూడండి. రక్తం పీల్చే పిడుదులుంటే పెట్ట పాలిపోతుంది, గుడ్డు ఆగుతుంది. చెనక్కాయ పంటకు తెచ్చిన మందును కోళ్ల మీద కొట్టేవాళ్లున్నారు. దయచేసి మానండి! కోడి చచ్చే ప్రమాదం ఒకటైతే, మందు దండగ కావడం రెండోది. పెద్ద పిడుదులు పగలు రాతిగోడ సందుల్లో దాక్కుని రాత్రి పూటే వస్తాయి. సందులు మట్టితో పూడ్చి సున్నం కొట్టండి. పొట్టపురుగులకు మందు పశువైద్యుడు చెప్పిన మోతాదులోనే వేయాలి. యాంటీబయాటిక్ గుడ్డు తెప్పించదు. కోలిస్టిన్ అనే యాంటీబయాటిక్‌ను పశువులకు, కోళ్లకు వాడకుండా కేంద్రం 2019లోనే నిషేధించింది, ఎవరైనా ఇస్తే తీసుకోకండి. మెడ తిప్పడం, పచ్చటి విరేచనం కనిపిస్తే మాత్రం కొక్కెర తెగులని అనుమానించి ఆ రోజే పశువైద్యశాలకు చెప్పండి.