నిద్రయందు శ్వాసావరోధము – దవడ శస్త్రచికిత్స

గురక యనగానే మనకు నవ్వు వచ్చును. హరికథకులు కుంభకర్ణుని నిద్రను వర్ణించునప్పుడు సభ యంతయు నవ్వుచుండును. మన గురకనే ఇచ్చటి తమిళ సోదరులు కురట్టై యందురు. ఏ భాషలో చెప్పినను అది నవ్వులాట మాటయే. అయితే కొందరి గురక నడుమ నొక్కసారిగా ఆగిపోవును. ఇంటివారు 'అమ్మయ్య' యనుకొని అటు తిరిగి పరుందురు. నిజమునకు భయపడవలసిన దప్పుడే. ఆ నిశ్శబ్దములో నిద్రించువానికి ఊపిరి యాడుట లేదు.

మేలుకొని యున్నప్పుడు గొంతు కండరములు బిగువుగ నుండి శ్వాసమార్గమును తెరచి యుంచును. నిద్రలో అవి సడలును. నాలుక వెనుకకు జారి గొంతును మూసివేయును. రొమ్ము ఎగసిపడుచుండును గాని గాలి లోనికి పోదు. రక్తమున ప్రాణవాయువు తగ్గగానే మెదడు ఉలికిపడి నిద్రను భంగపరచును. పెద్ద శబ్దముతో శ్వాస మరల సాగును. ఇట్లు పది సెకండ్లకు తక్కువ గాకుండ శ్వాస ఆగుటయు, సన్నగిల్లుటయు గంటకు 5 సార్లయినచో వ్యాధి యనియు, 30 సార్లయినచో తీవ్రవ్యాధి యనియు వైద్యులు లెక్కింతురు. దీనిని వారు 'ఆప్నియా' యందురు. అది గ్రీకు మాట. మన 'అజ్ఞానము'లో వలెనే అందును మొదటి అచ్చు లేమిని తెలుపును.

దీనివలన పగలు తూగుట, రక్తపు పోటు, గుండెజబ్బు కలుగును. తెలుగున 'సింహాసనం' (1986), 'గ్యాంగ్ లీడర్' (1991) చిత్రములకు సంగీతము కూర్చిన బప్పీ లాహిరి 2022 ఫిబ్రవరిలో ముంబయిలో మరణించినప్పుడు ఈ వ్యాధియే కారణమని వైద్యులు తెలిపిరి.

బరువు తగ్గుట మొదటి ఉపాయము. ముక్కునకు తొడుగు తగిలించి గాలిని ఒత్తిడితో పంపు యంత్రమును ఆస్ట్రేలియా వైద్యుడు కాలిన్ సల్లివన్ 1981లో లోకమునకు తెలిపెను. నేటికిని ప్రధాన చికిత్స అదియే. కాని రాత్రి యంతయు దానిని భరింపలేనివారు పెక్కురు గలరు. అట్టివారిలో కొందరికి దవడ శస్త్రచికిత్స చేయుదురు.

దవడకును ఊపిరికిని సంబంధ మేమి? నాలుక కండరము గడ్డపుటెముక లోపలివైపున అతుకుకొని యుండును. దవడను ముందుకు జరిపినచో నాలుకయు వెంట వచ్చును, గొంతు విశాలమగును. కావున నోటి లోపలినుండియే ఎముకలను కోసి, పై దవడను, క్రింది దవడను సుమారు 10 మిల్లీమీటర్లు ముందుకు జరిపి టైటానియపు రేకులతో, మరలతో బిగింతురు. పలు పరిశోధనలను క్రోడీకరించి 2010లో వెలువడిన యొక సమీక్షలో 627 మంది రోగుల లెక్క గలదు. గంటకు సగటున 64 సార్లున్న అవరోధము చికిత్స పిమ్మట 10కి లోపడెను. అయినను గంటకు 5కి లోపు వచ్చినవారు నూటికి 43 మందియే. క్రింది పెదవికి, గడ్డమునకు మొద్దుబారుట కలుగవచ్చును. ముఖము తీరు కొంత మారును. ఇది తేలిక పని కాదని మా యభిప్రాయము.

తరగతిలో తూగు బాలుని సోమరి యనుటకు ముందు అతడు రాత్రి యెట్లు నిద్రించునో ఇంటివారి నడుగుట మేలు. పిల్లలలో తరచుగా టాన్సిల్సు, అడినాయిడ్లు పెరుగుటయే కారణము. వానిని తీసివేసిన చాలును. కాని వేరొక స్థితి గలదు. చెవి ముందర వ్రేలుంచి నోరు తెరచి చూడుడు. కదలునదియే దవడ కీలు. పసితనమున గడ్డము నేలకు తగిలి పడినచో ఆ కీలు దెబ్బతిని, ఎముక కెముక అతుకుకొని పోవచ్చును. అప్పుడు నోరు తెరచుకొనదు, దవడ పెరుగదు, గడ్డము లోపలికి పోవును. తోడిపిల్లలు పక్షిముఖమని వెక్కిరింతురు. రాత్రి శ్వాస ఆగుచుండును. ఇట్టివారికి అతుకును విడదీయుటయే గాక, ఎముకను కోసి, మరతో దినమునకు సుమారు 1 మిల్లీమీటరు చొప్పున ఎడము చేయుదురు. ఆ సందున క్రొత్త ఎముక పుట్టును. రష్యాలో ఇలిజరోవ్ కాళ్లకు చేసిన ఈ పనిని న్యూయార్కులో మెకార్తీ దవడకు చేసి 1992లో ప్రకటించెను.

మన చెన్నపట్టణమున కోట రైలు నిలయమునకు చేరువనున్న ప్రభుత్వ దంతవైద్య కళాశాల 1953లో వెలసినది. దవడల శస్త్రచికిత్స అచ్చట నొక ప్రత్యేక శాఖ. గడ్డముపై పడిన తమ్ముడో చెల్లెలో ఇంట నున్నచో, కొన్ని వారముల పిమ్మట నోరు తెరపించి చూడుడు. వారి వ్రేళ్లే మూడు, ఒకదానిపై నొకటిగా, పండ్ల నడుమ పట్టవలెను. పట్టనిచో వైద్యునికి చూపవలెను.