పిల్లలు రాసిన వ్యాసం చూసి మీరు పేజీ చేయగలరా?



గత నెల తొమ్మిదో తరగతి వాళ్లకు ఒక పని ఇచ్చాను. ముమ్మిడివరం గురించి తెలుగులో చిన్న వెబ్ పేజీ చేయాలి. అదెలా చేశారో పక్క సెక్షన్ వాళ్ల కోసం వ్యాసం రాయాలి. పేజీలు బాగానే వచ్చాయి. తంటా వ్యాసాల దగ్గరే.

ఒక బాబు 1991 నాటి టిమ్ బెర్నర్స్ లీ తొలి వెబ్‌సైటుతో మొదలుపెట్టి రెండు పేజీలు రాశాడు. చేతిరాత ముత్యాలే. పదికి తొమ్మిది వేశాను, తొందరపడి. అది చూసి పేజీ చేసిన అమ్మాయికి తెలుగు బదులు పిచ్చి గుర్తులు కనిపించాయి. "నా సిస్టమ్‌లో వచ్చింది టీచర్" అంటాడు వీడు!

యూటీఎఫ్-8 పద్ధతిలో 'అ' అనే ఒక్క అక్షరానికి 3 బైట్లు. హెడ్ భాగంలో "మెటా చార్‌సెట్" లైను లేకపోతే బ్రౌజర్ వాటిని మూడు వేరే గుర్తులుగా చదవొచ్చు. ఆ లైను బాబు పేజీలో ఉంది, వ్యాసంలో లేదు. తనకు అలవాటైపోయింది కదా, రాయాలని తట్టలేదు.

తిరగరాసిన వ్యాసం "తెలుగు బదులు పిచ్చి గుర్తులా?" అని మొదలైంది. ఏ లైను, ఎక్కడ పెట్టాలి, ఫైలు ఏ పేరుతో సేవ్ చేయాలి, చివరికి ఏం కనిపించాలి, అంతే. అర పేజీ.

ఈ ఆదివారం మీ పిల్లల వ్యాసం ముందు పెట్టుకుని, రాసినది రాసినట్టు చేయండి. పిల్లల్ని నోరు విప్పనివ్వకండి. ఆగిపోయిన చోట పెన్సిల్‌తో గీత పెట్టండి. "మాకు కంప్యూటర్ రాదండీ" అనేవారి గీతలే మాకు ఎక్కువ పనికొస్తాయి. ఆ కాగితం సోమవారం పంపించండి. మార్కులు తిరగరాసినదానికే వేస్తాను.