పిల్లలకి ఇంట్లోనే సంగీతం: రోజుకి 15 నిమిషాలు

కీర్తనల వీడియోలు చూసే తల్లులు ఎక్కువగా అడిగేది ఒకటే: "మా పిల్లలకి ఇది ఎలా అలవాటు చేయాలి?"

అమీర్‌పేట, పంజాగుట్ట వైపు ఉండేవాళ్ళ ఇబ్బంది తెలిసిందే. మైత్రీవనం దగ్గర ఏ కంప్యూటర్ కోర్సు కావాలన్నా దొరుకుతుంది. కానీ స్కూలు, ట్యూషను అయ్యాక, ఆ ట్రాఫిక్‌లో పిల్లని మళ్ళీ సంగీతం క్లాసుకి తీసుకెళ్ళే ఓపిక ఎవరికుంటుంది? అందుకే మొదటి మెట్లు ఇంట్లోనే ఎలా వేయాలో ఈరోజు చూద్దాం.

ముందు నేను చేసిన తప్పు చెప్తాను. మా పాపకి ఆరేళ్ళప్పుడు ఇంటికి ఎవరొచ్చినా "పాడమ్మా" అనేదాన్ని. ఒకసారి మధ్యలో మర్చిపోయింది. అందరి ముందే సరిదిద్దాను. తర్వాత చాలా నెలలు అది నోరు విప్పలేదు. ఒకరోజు "నువ్వు కూడా నవ్వావు కదా అమ్మా" అంది. నాకు గుర్తు కూడా లేదు! అప్పట్నుంచి మా ఇంట్లో ఒకటే నియమం: చుట్టాల ముందు పాడించం. తనంతట తను పాడితే మాత్రం పని ఆపి వింటాం.

1. శ్రుతి (3 నిమిషాలు): ఫోన్‌లో తంబూరా యాప్ పెట్టి, కళ్ళు మూసుకుని "స" ఒక్కటే కలపమనండి. ఐదు, ఐదున్నర శ్రుతి దగ్గర మొదలుపెట్టండి. పై "స"కి గొంతు బిగుసుకుంటే అర శ్రుతి తగ్గించండి.

2. తాళం (4 నిమిషాలు): ఆది తాళానికి 8 అక్షరాలు. దెబ్బ, చిటికెన వేలు, ఉంగరం వేలు, మధ్య వేలు, దెబ్బ, విసురు, దెబ్బ, విసురు. పాట లేకుండా ముందు ఇదే ఆటలా ఆడించండి.

3. సరళి వరుసలు (5 నిమిషాలు): ఈ పాఠాల వరసని పురందరదాసు (1484–1564) ఏర్పరిచారని చెప్తారు. సరళి, జంట వరుసలు, అలంకారాలు, గీతాలు. మొదటి పాఠాలు మాయామాళవగౌళలోనే ఎందుకో తెలుసా? ఇది 15వ మేళకర్త. ఇందులో "స రి గ మ" మధ్య ఎంతెంత దూరాలున్నాయో, "ప ద ని స" మధ్య కూడా సరిగ్గా అంతే. అంటే మొదటి సగం పట్టుబడితే, రెండో సగం అదే నడకలో వస్తుంది. ముందు ఒక్కో అక్షరానికి ఒక స్వరం. అది నిలకడగా వచ్చాకే రెండో కాలం, అంటే అక్షరానికి రెండు స్వరాలు.

4. వినడం (3 నిమిషాలు): వారమంతా ఒకే కీర్తన పెట్టండి. "ఏ రాగం?" అని పరీక్ష పెట్టకండి. "పల్లవి మళ్ళీ ఎప్పుడొచ్చింది? వీణా, వయొలినా?" అని అడగండి చాలు.

ఇల్లు ఎంతవరకు? వరుసలు వచ్చేదాకా పర్వాలేదు. గమకం మాత్రం వీడియో చూసి రాదండీ, గురువు ఎదురుగా ఉండాలి. రాంకోటిలో శ్రీ త్యాగరాజ ప్రభుత్వ సంగీత నృత్య కళాశాల ఉంది. కచేరీ చూపించాలంటే అమీర్‌పేటలో మెట్రో ఎక్కండి, నాలుగో స్టేషన్ లక్డీకాపూల్. అక్కడికి రవీంద్రభారతి దగ్గరే. పూర్తిగా కూర్చోలేకపోతే అరగంట చూసి వచ్చేయండి.

ఇక సెలవు రోజున ఒక పని. రామదాసు కీర్తన ఒకటి వారంపాటు వినిపించి, పిల్లల్ని గోల్కొండ కోటకి తీసుకెళ్ళండి. పంజాగుట్ట నుంచి దాదాపు 10 కిలోమీటర్లు. అక్కడ రామదాసు బందీఖానా గోడ మీద చెక్కిన దేవుడి బొమ్మలున్నాయి. ఆయనే చెక్కారని చెప్పుకుంటారు. మా పాప వాటిని చాలాసేపు చూసి, "ఈ చీకట్లో పాడుకుంటే భయం పోయేదా అమ్మా?" అని అడిగింది. నేను జవాబు చెప్పలేదు. తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో, ఎవరూ అడక్కుండానే, పాడింది.

ఈ వారం శ్రుతి, తాళం మాత్రమే చేయండి. తొందర వద్దు. వచ్చే వీడియోలో జంట వరుసలు నేర్చుకుందాం. శుభం.