అవ్వ మందు గోలీ

మెట్టుగూడ పక్కన లాలాగూడలో రైల్వే ఆసుపత్రి ఉంది. రైల్వే వైద్య పథకంలో చేరిన రిటైర్డు ఉద్యోగులకు అక్కడ మందులిస్తారు. ఇళ్లల్లో పనిచేసి ముసలివారైన మన దళిత వాడల అవ్వలకు ఆ వీలెక్కడిది? వారికి 2007లో మొదలైన ఆరోగ్యశ్రీయే దిక్కు. 2023 డిసెంబరులో తెలంగాణలో దాని పరిమితిని 10 లక్షలకు పెంచారు. అది గుండె ఆపరేషన్‌కు పనికొస్తుంది గాని, రోజూ వేసుకునే బి.పి. గోలీకి కాదు. ఆ గోలీ మానేస్తేనే కదా పక్షవాతం వచ్చేది! నగరంలోనైతే బస్తీ దవాఖానాలో, ఊళ్లోనైతే ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో ఆ మందులు ఉచితం.

70 ఏళ్లు నిండినవారందరికీ, ఆదాయంతో నిమిత్తం లేకుండా, 5 లక్షల ఆయుష్మాన్ కార్డును కేంద్రం 2024 అక్టోబరులో ప్రారంభించింది. వయసుకు ఆధారే రుజువు. పుట్టినరోజు తెలియని మన అవ్వల్లో చాలామందికి ఆధార్‌లో వయసు అందాజుగా రాశారు. సెలవులకు ఇంటికెళ్లగానే మనం ఆ అంకె చూద్దాం.