రీసెట్ బటన్ నొక్కాక మొదలయ్యే ఉద్యోగం

పరవాడ ఫార్మా సిటీలోనో, రామగుండం ఎరువుల ఫ్యాక్టరీలోనో, జామ్‌నగర్, జుబైల్ రిఫైనరీల్లోనో ఐదారేళ్లు ఎలక్ట్రికల్ లేదా ఇన్‌స్ట్రుమెంటేషన్ మెయింటెనెన్స్‌లో పనిచేసినవాళ్లను ఏదో ఒకరోజు రిలయబిలిటీ విభాగానికి వస్తారా అని అడుగుతారు. షిఫ్టులు తప్పుతాయని, హోదా పెరుగుతుందని చాలామంది ఒప్పుకుంటారు. వెళ్లాక పని ఎక్కడ మొదలుపెట్టాలో పాలుపోదు. కొత్త సాఫ్ట్‌వేర్, రంగురంగుల చార్టులు, నెలవారీ ప్రెజెంటేషన్లు, వీటితోనే ఏడాది గడిచిపోతుంది. ప్లాంటులో ట్రిప్పులు మాత్రం తగ్గవు.

మెయింటెనెన్స్ ఉన్నది ఆగిన యంత్రాన్ని తిప్పడానికి. అర్ధరాత్రి పంపు ఆగితే రిలే రీసెట్ చేసి, మోటారు మెగ్గర్ చూసి, బాగుంటే నడిపించి, ‘చెక్ చేశాం, బాగానే ఉంది’ అని లాగ్‌బుక్‌లో రాయడం వాళ్ల బాధ్యత. ఆ సమయంలో అంతకంటే ఎక్కువ అడగడం న్యాయం కాదు. రిలయబిలిటీ ఇంజనీరు అందుకోవలసింది ఆ వాక్యాన్నే. అన్నీ బాగుంటే పంపు ఎందుకు ఆగింది? ప్లాంటును నిజంగా దెబ్బతీసేవి కాలిపోయిన మోటార్లు కావు. కాలిపోయింది కళ్లకు కనిపిస్తుంది, మార్చేస్తారు. తనంతట తానే సర్దుకున్న లోపమే మళ్లీ వస్తుంది, ఎక్కువ నష్టంతో వస్తుంది.

ఇంగ్లండ్‌లోని బన్స్‌ఫీల్డ్ ఇంధన డిపో కథ ఈ ఉద్యోగంలోకి వచ్చే ప్రతివాళ్లూ చదవాలి. 2005 డిసెంబరు 11 తెల్లవారుజామున 912 నంబరు ట్యాంకులోకి పెట్రోలు ఎక్కుతోంది. మూడు గంటలు దాటాక తెర మీద లెవెల్ కదలడం మానేసింది. ట్యాంకు మాత్రం నిండుతూనే ఉంది. చివరి రక్షణగా పెట్టిన హై లెవెల్ స్విచ్ కూడా పనిచేయలేదు. దాని టెస్ట్ లివర్‌ను సరైన స్థానంలో పట్టి ఉంచాల్సిన తాళం బిగించలేదు, ఆ తాళం ఎందుకో అక్కడివాళ్లకు తెలియదు. పెట్రోలు పొంగి ఆవిరి మేఘమై ఆరుగంటల వేళ పేలింది. ఆదివారం కావడం వల్ల ఎవరూ చనిపోలేదు, నలభై మందికి పైగా గాయపడ్డారు. దర్యాప్తులో తేలిన సంగతి ఒకటుంది. ఆగస్టు 31 నుంచి పేలుడు రోజు దాకా ఆ ట్యాంకు లెవెల్ గేజ్ 14 సార్లు ఇరుక్కుంది. ఆపరేటర్లు గేజ్‌ను పైకి లేపి దించితే కొన్నిసార్లు సర్దుకునేది, కొన్నిసార్లు కాంట్రాక్టరు వచ్చి సరిచేసేవాడు. లాగ్‌లో కొన్నిసార్లు లోపంగా రాశారు, కొన్నిసార్లు రాయలేదు. ఆ పద్నాలుగింటినీ ఒకే కాగితం మీద పెట్టి చూసే పని ఎవరికీ లేదు.

ఆ పనే మీ ఉద్యోగం. కొత్త విభాగంలో చేరిన మొదటి నెల సాఫ్ట్‌వేర్ జోలికి పోకుండా గత రెండేళ్ల వర్క్ ఆర్డర్లు, షిఫ్ట్ లాగ్‌బుక్‌లు దగ్గర పెట్టుకుని ట్యాగ్ నంబర్ల వారీగా రాసుకోండి. ఒకే ట్రాన్స్‌మిటర్‌ను ఒకరు ట్యాగ్‌తో, ఇంకొకరు ‘రియాక్టర్ పక్క లెవెల్’ అని, మరొకరు ‘పై అంతస్తు ఎల్‌టీ’ అని రాసి ఉంటారు. అవి కలిసేసరికి కళ్లు మండుతాయి, కానీ దీనికి దగ్గరదారి లేదు. తర్వాత ‘బాగానే ఉంది’, ‘నార్మల్ చేశాం’, ‘రీసెట్ చేశాం’ అని ముగిసినవన్నీ విడిగా తీయండి. ఎక్కువ ఖర్చు పెట్టించిన పరికరాల జాబితా ప్రతి ప్లాంటులోనూ ఉంటుంది. ఏ లోపం దొరకకుండా మూసేసిన ఫిర్యాదుల జాబితా అరుదు. నేనైతే రెండోదానితో మొదలుపెడతాను.

జాబితా చేతికొచ్చాక సీనియర్ టెక్నీషియన్ దగ్గరికి వెళ్లండి. ‘అన్నా, ఇది ముందు కూడా ఇలాగే చేసిందా? వానాకాలంలోనా, ఎండల్లోనా?’ అని అడిగితే లాగ్‌బుక్‌లో లేని పదేళ్ల చరిత్ర బయటికొస్తుంది. ఆయన చెప్పింది ఆయన పేరుతోనే నివేదికలో రాయండి. కాంట్రాక్టు టెక్నీషియన్ చెప్పినా అంతే.

ట్రిప్ జరిగిన మొదటి గంటలో సాక్ష్యం ఉంటుంది, ఆ తర్వాత పోతుంది. ప్రొటెక్షన్ రిలేలో డిస్టర్బెన్స్ రికార్డులకు చోటు పరిమితం, కొత్తవి వస్తే పాతవి చెరిగిపోతాయి. రీసెట్ చేసే ముందు రికార్డు దింపుకోవాలని, టెర్మినల్ బిగించే ముందు ఫొటో తీయాలని షిఫ్టులో అందరికీ అలవాటు చేయించండి. ఒక్క పేజీ చెక్‌షీట్ చాలు. అలాగే డీసీఎస్, పీఎల్‌సీ, రిలేల గడియారాలు ఒకే సమయం చూపుతున్నాయో లేదో సరిచూడండి. గడియారాలు కలవని ప్లాంటులో ఏది ముందు జరిగిందో ఎవరూ చెప్పలేరు, వాదన మాత్రం ఎలక్ట్రికల్‌కీ ఇన్‌స్ట్రుమెంటేషన్‌కీ మధ్య వారాల తరబడి నడుస్తుంది.

ఉదాహరణకు ఉరుములతో వానపడుతున్న రాత్రి కంప్రెసర్ ఆగింది, మొదటి అలారం ‘లూబ్ ఆయిల్ ప్రెజర్ తక్కువ’. మర్నాడు ఇన్‌స్ట్రుమెంట్‌వాళ్లు ప్రెజర్ స్విచ్ క్యాలిబ్రేట్ చేస్తారు, అది బాగానే ఉంటుంది, ఫైలు మూసేస్తారు. జరిగింది వేరే అయివుండవచ్చు. గ్రిడ్ లైను మీద పిడుగుపడి వోల్టేజీ క్షణకాలం కుంగింది. 50 హెర్ట్జ్ సరఫరాలో ఒక సైకిల్ 20 మిల్లీ సెకన్లు. ఒకటి రెండు సైకిళ్లు వోల్టేజీ బాగా పడితే చాలు, ఏసీ కాయిల్ కాంటాక్టర్ వదిలేస్తుంది. బ్రేకర్ మీద నడిచే పెద్ద మోటారు తిరుగుతూనే ఉంటుంది, కాంటాక్టర్ మీదున్న చిన్న ఆయిల్ పంపు ఆగుతుంది, ప్రెజర్ పడుతుంది, కంప్రెసర్ ట్రిప్పవుతుంది. నిమిషానికొక విలువ దాచే హిస్టోరియన్‌లో ఆ కుంగుబాటు ఆనవాలే కనిపించదు. ఇన్‌కమర్ రిలేలోనో, పవర్ క్వాలిటీ మీటర్‌లోనో ఉంటుంది. చికిత్స కూడా స్విచ్‌లో లేదు. కాంటాక్టర్ కంట్రోల్ సప్లయ్‌ని యూపీఎస్ మీదికి మార్చడమో, కొద్దిపాటి ఆలస్యంతో వదిలేలా చేయడమో, ఆగిన పంపు తిరిగి దానంతటదే లేచే ఏర్పాటో ప్రాసెస్‌వాళ్లతో కూర్చుని తేల్చుకోవాలి. రెండు విభాగాలూ తెలిసిన మనిషి విలువ ఇలాంటి చోటే తెలుస్తుంది. ఎలక్ట్రికల్ నుంచి వచ్చినవాళ్లు లూప్‌లు, ఇన్‌స్ట్రుమెంటేషన్ నుంచి వచ్చినవాళ్లు రిలేలు నేర్చుకోక తప్పదు.

సముద్రపు గాలి తగిలే విశాఖ, కాకినాడ ప్లాంట్లలో జంక్షన్ బాక్సుల మీద ప్రత్యేకంగా కన్నేయాలి. ఒక చిన్న లెక్క చూడండి. 24 వోల్టుల సప్లయ్, 250 ఓముల ఇన్‌పుట్ రెసిస్టర్, పనిచేయడానికి కనీసం 12 వోల్టులు కావాల్సిన ట్రాన్స్‌మిటర్. తుప్పుపట్టిన టెర్మినల్ 400 ఓములు అదనంగా చేర్చిందనుకోండి. 8 మిల్లీ ఆంపియర్ల దగ్గర మొత్తం 5.2 వోల్టులే పోతాయి, లూప్ నిక్షేపంగా నడుస్తుంది. కరెంటు పెరిగేకొద్దీ ట్రాన్స్‌మిటర్‌కు వోల్టేజీ చాలక సుమారు 18.5 మిల్లీ ఆంపియర్ల దగ్గర ఆగిపోతుంది. అంటే రీడింగ్ 90 శాతం దాటదు. హై హై ట్రిప్ 95 శాతం దగ్గర పెట్టి ఉంటే అది ఎన్నటికీ రాదు. రోజూ 40 శాతం దగ్గర చూసే ఆపరేటర్‌కు అంతా సవ్యంగానే ఉంటుంది. అందుకే లూప్ చెక్ అంటే ఫీల్డ్ నుంచి పూర్తి 20 మిల్లీ ఆంపియర్లు పంపి ట్రిప్ చర్య నిజంగా జరుగుతుందో లేదో చూడటం. అసలు తెగిపోయిన లూప్ అంత ప్రమాదం కాదు. నామూర్ ఎన్‌ఈ 43 ప్రకారం 3.6 కంటే కిందికి, 21 కంటే పైకి పోయిన సంకేతాన్ని లోపంగా చూపించేలా సిస్టంను అమర్చుకోవచ్చు. నమ్మదగినట్టు కనిపించే తప్పుడు విలువే భయపెట్టేది. 2005 మార్చి 23న టెక్సాస్ సిటీ రిఫైనరీలో 15 మంది చనిపోయిన పేలుడుకు ముందు టవర్ నిండిపోతుంటే లెవెల్ ట్రాన్స్‌మిటర్ నెమ్మదిగా తగ్గుతున్నట్టు చూపించింది. దాని క్యాలిబ్రేషన్‌కు వాడింది 1975 నాటి డేటా షీట్. మీ ప్లాంటులో ప్రొడక్ట్ మారినప్పుడు, సాంద్రత మారినప్పుడు డేటా షీట్లు మారాయో లేదో ఈ నెలలోనే చూడండి.

అసలు కొలవని చోటు కూడా లోపమే. 2020 మే 7న విశాఖ ఆర్‌.ఆర్‌. వెంకటాపురంలో ట్యాంకు నుంచి స్టైరీన్ లీకై 12 మంది ప్రాణాలు పోయాయి. ఆ ట్యాంకులో ఉష్ణోగ్రత కొలిచే ఏర్పాటు అడుగునే ఉందని, పై పొరల్లో వేడి పెరగడం తెలియలేదని రాష్ట్ర ప్రభుత్వ హైపవర్ కమిటీ తేల్చింది. సెన్సర్ పాడు కాలేదు. ఉండాల్సిన చోట లేదు. ఇలాంటిది ఏ వర్క్ ఆర్డర్‌లోనూ కనిపించదు. పీ అండ్ ఐడీ ముందు పెట్టుకుని, ప్రాసెస్ ఇంజనీరును పక్కన కూర్చోబెట్టుకుని వెతకాల్సిందే.

మెగ్గర్ రీడింగ్‌ల గురించి క్లుప్తంగా. ఒక్క రీడింగ్‌కు అర్థం తక్కువ, ఏళ్ల వరసకే అర్థం. ఉష్ణోగ్రత సుమారు 10 డిగ్రీలు పెరిగితే ఇన్సులేషన్ రెసిస్టెన్స్ సగమవుతుంది. కాబట్టి మేలో వేడి మోటారు మీద తీసినదాన్ని జనవరి రీడింగ్‌తో పోల్చే ముందు 40 డిగ్రీలకు సవరించండి. పది నిమిషాల రీడింగ్‌ను ఒక నిమిషం రీడింగ్‌తో భాగిస్తే వచ్చే పోలరైజేషన్ ఇండెక్స్ కూడా రాయించండి.

లోపం కనిపించగానే ప్రివెంటివ్ మెయింటెనెన్స్ పెంచుదామనే కోరిక పుడుతుంది. తొందరపడకండి. యునైటెడ్ ఎయిర్‌లైన్స్‌కు చెందిన నోలన్, హీప్ 1978లో అమెరికా రక్షణ శాఖకు ఇచ్చిన నివేదిక ప్రకారం విమాన భాగాల్లో వయసుతోపాటు అరిగి చెడేవి 11 శాతమే. 68 శాతం భాగాలు కొత్తగా బిగించిన తొలినాళ్లలోనే ఎక్కువగా చెడే రకం. ఆ అంకెలు మన ప్లాంట్లకు యథాతథంగా వర్తిస్తాయని కాదు. కానీ బాగా నడుస్తున్న ప్యానెల్‌ను విప్పి బిగిస్తే కొత్త లోపం వచ్చే అవకాశం ఉంటుందన్నది షట్‌డౌన్ తర్వాతి వారం చూసినవాళ్లందరికీ తెలుసు. విప్పకుండా చూడగలిగితే, అంటే లోడ్ మీద థర్మోగ్రఫీ, వైబ్రేషన్, కరెంటు ట్రెండ్ చాలినచోట, విప్పకండి. సేఫ్టీ ట్రిప్పుల ప్రూఫ్ టెస్ట్ మాత్రం ఎన్నడూ వాయిదా వేయనివ్వకండి.

ఒత్తిడి వస్తుంది. ‘బైపాస్ చేసి నడిపిద్దాం, షట్‌డౌన్‌లో చూద్దాం’ అంటారు. ప్రతి బైపాస్‌కు ఎవరు ఇచ్చారు, ఎందుకు, ఎప్పటిదాకా, ఆలోపు బదులుగా ఎవరు చూస్తారు అన్న నాలుగు గళ్లున్న రిజిస్టరు పెట్టి, గడువు దాటినవాటిని ఉదయం మీటింగ్‌లో చదవండి. ప్రొడక్షన్ మేనేజర్ గారికి ఓములు, మిల్లీ ఆంపియర్లు చెప్పకండి. ఈ లోపం వల్ల ఏడాదిలో ఎన్ని గంటలు పోయాయి, ఎన్ని టన్నులు పోయాయి, సరిచేయడానికి ఎంతవుతుంది అని ఒకే పేజీలో చూపించండి. మీ విశ్లేషణ ‘ఆపరేటర్ పొరపాటు’ దగ్గర ఆగిందంటే అది ఇంకా పూర్తికాలేదు. ఆ పొరపాటుకు తావిచ్చిన అలారం, లేబుల్, డ్రాయింగ్ ఏదో వెతకండి. ఒక్కసారి ఒక టెక్నీషియన్‌కు మెమో వెళ్లేలా నివేదిక రాశారో, ఇక మీకు ఎవరూ నిజం చెప్పరు.

చదువుల విషయం. సేఫ్టీ సిస్టమ్స్ వైపు వెళ్లాలనుకుంటే ఐఈసీ 61511 చదివి, ఆ తర్వాతే టీయూవీ ఫంక్షనల్ సేఫ్టీ పరీక్షకు డబ్బు కట్టండి. పేలుడు ప్రమాదమున్న ప్రాంతాల్లో పనిచేసేవాళ్లకు, ముఖ్యంగా గల్ఫ్ వెళ్లేవాళ్లకు, కాంపెక్స్ పనికొస్తుంది. సీఎంఆర్‌పీ రిలయబిలిటీ పదజాలం మొత్తం ఒకచోట నేర్పుతుంది. ఎలక్ట్రికల్‌వాళ్లు రాష్ట్ర లైసెన్సింగ్ బోర్డు ఇచ్చే సూపర్‌వైజర్ పర్మిట్‌ను నిర్లక్ష్యం చేయవద్దు. అయితే ఇంటర్వ్యూలో వీటికంటే బరువైనది ఇంకొకటుంది. మళ్లీ మళ్లీ వచ్చిన ఒక లోపాన్ని మీరెలా పట్టుకున్నారో మొదటి లాగ్ ఎంట్రీ నుంచి చెప్పగలగాలి. మొదట అనుకున్న కారణం ఏమిటి, ఏ రికార్డు దాన్ని తోసిపుచ్చింది, ఏం మార్చారు, మార్చాక ఎన్ని నెలలు రాలేదు అన్నవి అందులో ఉండాలి. ఆ కేసును కంపెనీ పేరు, రహస్య వివరాలు లేకుండా రెండు పేజీల్లో రాసి పెట్టుకోండి. ట్రెండ్‌ను చేత్తో గీసి చూపించగలిగేంతగా గుర్తుపెట్టుకోండి.