పెరటి కోళ్ళకు కంచె: ఏ జాలి ఎక్కడ వాడాలి?

పెరట్లో పదో ఇరవయ్యో నాటుకోళ్ళు పెంచుతున్నవాళ్ళు నన్ను ఎక్కువగా అడిగే ప్రశ్న మేత గురించి కాదు, జబ్బుల గురించీ కాదు. "ఏ జాలి కొనాలి అన్నా?" అని. ఈ పాఠంలో దాని గురించే చెప్తాను. కొలతలు, జాలి కట్టే పద్ధతి వీడియోలో చూపించాను. ఇక్కడ రాసింది దగ్గర పెట్టుకుంటే షాపుకి వెళ్ళినప్పుడు పనికొస్తుంది.

ముందు శత్రువు ఎవరో తెలుసుకోండి

జాలి కొనే ముందు మీ పెరటి చుట్టూ ఏమేం తిరుగుతున్నాయో చూడండి. ఒక్కొక్కటి ఒక్కో దారిలో వస్తుంది.

- వీధికుక్క: బలంతో నెట్టి, పళ్ళతో లాగి, కింద తవ్వి వస్తుంది. ఒక్కసారి లోపలికొస్తే ఒక కోడితో ఆగదు.
- ముంగిస: పగలే వస్తుంది. సన్నటి సందు చాలు. గుడ్లు, పిల్లలు దీనికి ఇష్టం.
- జంగుపిల్లి, పునుగుపిల్లి: ఎక్కువగా రాత్రి పూట. పునుగుపిల్లి చెట్టు మీద నుంచి, కప్పు మీద నుంచి దిగుతుంది.
- పాము: గుడ్డు గానీ పిల్ల గానీ ఈక కూడా రాలకుండా మాయమైతే ముందు పామునే అనుమానించాలి.
- గద్ద, కాకి: పై నుంచి వచ్చి పిల్లల్ని ఎత్తుకుపోతాయి.

అంటే కంచెకు నాలుగు పక్కలు కాదు, కిందా పైనా కలిపి ఆరు పక్కలు ఉన్నాయని లెక్క.

మూడు రకాల జాలి

మొదటిది చికెన్ మెష్, ఆరు మూలల కన్నుతో ఉండేది. చవక. దీని పేరు చూసి చాలామంది మోసపోతారు. ఇది కోడిని లోపల ఉంచడానికే గానీ కుక్కని బయట ఆపడానికి కాదు. సన్నటి తీగ, మెలికలు విడిపోతాయి. దీన్ని పై భాగానికి మాత్రమే వాడాలి.

రెండోది చైన్ లింక్, మనవాళ్ళు డైమండ్ జాలి అంటారు. కుక్కకి గట్టిగా నిలబడుతుంది. కానీ కన్ను పెద్దది కాబట్టి ముంగిస, పాము దూరిపోతాయి, పిల్లలు బయటికి వచ్చేస్తాయి.

మూడోది వెల్డ్ మెష్. తీగ కలిసిన ప్రతి చోటా వెల్డింగ్ ఉంటుంది. అర అంగుళం కన్ను ఉన్నది తీసుకుంటే ముంగిస రాదు, పెద్ద పాము రాదు. ధర ఎక్కువ, అందుకే అన్ని చోట్లా అక్కర్లేదు, కింద భాగానికి చాలు.

షాపులో గేజ్ అడగడం మర్చిపోవద్దు. గేజ్ నంబరు పెరిగే కొద్దీ తీగ సన్నబడుతుంది. 22 గేజ్ కంటే 18 గేజ్ మందం. జీఐ పూత ఉన్నదే తీసుకోండి. సముద్రం దగ్గర ఊళ్ళలో ఉప్పుగాలికి జీఐ కూడా తొందరగా తుప్పు పడుతుంది. అక్కడ పీవీసీ పూత ఉన్నది మేలు.

ఇరవై కోళ్ళకు లెక్క

ఒక కోడికి దొడ్డిలో కనీసం 10 చదరపు అడుగులు అనుకుందాం. 20 కోళ్ళకు 200 చదరపు అడుగులు, అంటే 20 అడుగుల పొడవు, 10 అడుగుల వెడల్పు. చుట్టుకొలత 60 అడుగులు. పొడవు వైపు మూడు భాగాలు, వెడల్పు వైపు రెండు భాగాలు చేస్తే 10 స్తంభాలు, గేటుకి ఇంకొకటి, మొత్తం 11. రాతి కడీలు దొరికితే అవే మంచివి, చెదలు పట్టవు. నల్లరేగడి నేల ఎండాకాలం పగుళ్ళిచ్చి స్తంభాలు ఒరుగుతాయి, అక్కడ గుంత లోతుగా తీసి రాళ్ళు వేసి దిమ్మించాలి.

వెల్డ్ మెష్ 4 అడుగుల వెడల్పు రోల్ తీసుకోండి. రెండున్నర అడుగులు నిలువుగా కట్టి, మిగిలిన అడుగున్నర బయటి వైపు నేల మీదకి ఎల్ ఆకారంలో వంచండి. దాని మీద రాళ్ళు, మట్టి వేయండి. తవ్వే జంతువు కంచె మొదట్లోనే గోకడం మొదలుపెడుతుంది. కాలి కింద జాలి తగిలేసరికి ఆగిపోతుంది. అడుగున్నర వెనక్కి జరిగి తవ్వాలన్న ఆలోచన సాధారణంగా దానికి రాదు. నాలుగు మూలల్లో వంచినప్పుడు సందు వస్తుంది, అక్కడ విడి ముక్క వేసి బైండింగ్ వైరుతో కుట్టేయండి.

పైన 4 అడుగుల చికెన్ మెష్, అర అడుగు వెల్డ్ మెష్ మీదకి వచ్చేలా కడితే మొత్తం ఎత్తు 6 అడుగులు. కప్పుకి వల వేయండి. పాత నైలాన్ వల పైన వాడొచ్చు గానీ నేలకి తగిలేలా వదలొద్దు. పాములు అందులో చిక్కుకుని చస్తాయి, వాటిని విడిపించబోయి మనకే ప్రమాదం.

గేటు దగ్గరే దెబ్బ తింటాం

మా పక్క ఊళ్ళో ఒక అక్క డ్వాక్రా లోను తీసుకుని కోళ్ళు పెంచింది. జాలి మంచిదే వేయించింది. గేటు కింద మాత్రం నాలుగు వేళ్ళ సందు ఉండిపోయింది. కుక్క అక్కడ కాస్త తవ్వింది. తెల్లారేసరికి పదకొండు పెట్టలు పోయాయి, అందులో రెండు పొదుగు మీద ఉన్నవి. పిల్లల స్కూలు ఖర్చుకని లెక్కేసుకున్న డబ్బు అది. జాలి ఎక్కడా తెగలేదు.

అందుకే గేటు కింద రాతి బండ గానీ సిమెంటు గడప గానీ వేయండి. గడపకీ తలుపుకీ మధ్య అర అంగుళం మించకూడదు. గడియలు రెండు పెట్టండి, ఒకటి పైన, ఒకటి కింద. ఒక్క గడియ ఉంటే కుక్క నెట్టినప్పుడు కింది మూల తెరుచుకుంటుంది.

కొన్ని జాగ్రత్తలు

- కంచె ఎంత గట్టిదైనా రాత్రి కోళ్ళను గూట్లో వేసి మూయాల్సిందే. గూటి కిటికీలకు కూడా అర అంగుళం వెల్డ్ మెష్ వేయండి.
- కంచె మీద దొండ, చిక్కుడు పాకిస్తే కోళ్ళకు నీడ, మనకు కూర. కానీ కింద రెండు అడుగులు ఖాళీగా ఉంచండి. కంచె బయట కూడా పొదలు, కట్టెల మోపులు లేకుండా చూడండి.
- ఎర్రనేలల్లో వాన నీరు కంచె కింద కోత పెడుతుంది. ప్రతి పెద్ద వాన తర్వాత ఒకసారి చుట్టూ తిరిగి చూడండి.
- కంచెకి ఇంటి కరెంటు ఇవ్వడం నేరం. ముంగిస కంటే ముందు మన పిల్లలో, పక్కింటి గేదో చనిపోతాయి.
- విషం పెట్టొద్దు. ముంగిస, జంగుపిల్లి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టం కింద రక్షణ ఉన్న జంతువులు. పైగా పొలంలో ఎలుకల్ని పట్టేది అవే.

ప్రకృతి సేద్యం చేసేవాళ్ళకు ఈ కంచెతో ఇంకో లాభం ఉంది. కోడి వదిలేస్తే మనం పరిచిన ఆచ్ఛాదన మొత్తం గోకి పారేస్తుంది. దొడ్డిలో ఎండాకులు, గడ్డి వేస్తే ఆ గోకుడు అక్కడే జరిగి, రెట్టతో కలిసి ఎరువుకి పనికొస్తుంది. దాన్ని తీసి బాగా కుళ్ళిన తర్వాతే మడులకు వేయండి.

డబ్బు తక్కువుంటే కంచె పొడవు తగ్గించి, తక్కువ కోళ్ళతో మొదలుపెట్టండి. కింది జాలి, గేటు దగ్గర మాత్రం తగ్గించొద్దు. ఇవాళ సాయంత్రం మీ కంచె చుట్టూ ఒకసారి తిరగండి. మీ పిడికిలి దూరే సందు ఎక్కడ కనపడినా ముంగిసకి అది దారే. చీకటి పడేలోపు మూసేయండి.